తుపాకీ, దుర్భిణి, మధ్యలో ఒక అతుకు

ఆఫీసు పని అయిపోయాక నెట్‌వర్కులో తుపాకుల ఆటలు ఆడిన తరం మాది. 2007లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ నాలుగో భాగం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మనకిష్టమైన రైఫిల్ ఒకటి ఎంచుకుని, దాని నెత్తిన ఏం పెట్టాలో జాబితాలోంచి నొక్కితే చాలు. ఎర్ర చుక్క సైటు కావాలంటే ఎర్ర చుక్క, ఏకాగ్ స్కోపు కావాలంటే ఏకాగ్. ఒక్క క్లిక్కు, అంతే. మరలు బిగించడాల్లేవు, స్పానర్లు లేవు, పెట్టాక గురి కుదిరిందా లేదా అని చూసుకోవడం అసలే లేదు.

నిజం తుపాకుల ప్రపంచంలో ఆ ఒక్క క్లిక్కు రావడానికి నూటయాభై ఏళ్ళు పట్టింది. ఈ కథ రాసినవాళ్ళలో ఎక్కువమంది దీన్ని అద్దాల కథగా చెప్తారు. జర్మన్లు మంచి కటకాలు చేశారు, ఆ తర్వాత రాత్రిపూట కనిపించే పరికరాలు వచ్చాయి, ఇంకా తర్వాత ఎలక్ట్రానిక్స్ వచ్చాయి... ఇలా. చదివినకొద్దీ నాకు మాత్రం ఇంకోలా అనిపించింది. ఇది అద్దాల కథ కాదు, అద్దానికీ తుపాకీకీ మధ్యనున్న అతుకు కథ. ప్రోగ్రాములు రాసేవాళ్ళ భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేసు కథ.

ముందు అసలు గురి సంగతి చూద్దాం. మామూలు రైఫిల్‌కి రెండు ఇనప సైట్లుంటాయి. వెనక ఒక గాడో చిన్న కన్నమో, ముందు గొట్టం చివర పుల్లలాంటిది ఒకటి. ఆ రెండూ, అవతలి లక్ష్యం, మూడూ ఒక గీత మీదకి రావాలి. చిక్కల్లా ఏమిటంటే మన కన్ను ఒకేసారి మూడు వేర్వేరు దూరాల్లో ఉన్నవాటిని స్పష్టంగా చూడలేదు. కెమెరా వాడేవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. అందుకే నేర్పేవాళ్ళు ముందు సైటు మీద చూపు నిలపమంటారు, లక్ష్యం కాస్త మసగ్గా ఉన్నా ఫర్వాలేదంటారు. అదే టెలిస్కోపు పెడితే, లక్ష్యమూ దానిమీది క్రాస్‌హెయిర్ గీతలూ ఒకే తలంలో కనిపిస్తాయి. దూరంగా ఉన్నది దగ్గరగా కనపడటం ఒక లాభమైతే, కంటికి ఈ మూడు దూరాల బాధ తప్పడం ఇంకో లాభం. వయసు మీదపడి చత్వారం వచ్చినవాళ్ళకి ఈ రెండోదే పెద్ద వరం.

మరి అందరూ మొదట్నుంచీ టెలిస్కోపే పెట్టుకోవచ్చు కదా? ఇక్కడే ఉంది మెలిక. ఇనప సైట్లు తుపాకీలో భాగం. గొట్టానికి అంటిపెట్టుకుని ఉంటాయి, దానితోపాటే కదులుతాయి. టెలిస్కోపు అలా కాదు, బయటినుంచి తెచ్చి తగిలించేది. ఒక చిన్న లెక్క చూడండి. స్కోపుని పట్టుకునే రెండు కాళ్ళ మధ్య దూరం 10 సెంటీమీటర్లు అనుకుందాం. అందులో ఒక కాలు 0.1 మిల్లీమీటరు పక్కకి జరిగింది. అంటే మామూలు కాగితం మందం అంత. వెయ్యిలో ఒకటో వంతు తేడా అన్నమాట. 100 మీటర్ల దూరంలో అది 10 సెంటీమీటర్లు అవుతుంది, 300 మీటర్ల దగ్గర 30 సెంటీమీటర్లు. ఎంత ఖరీదైన అద్దం పెట్టినా, అతుకులో కాగితమంత వదులుంటే అవతల మనిషంత తప్పు వస్తుంది. పైగా ప్రతి పేలుడుకీ తుపాకీ వెనక్కి తంతుంది. ఆ తాపుని ప్రతిసారీ తట్టుకుని ఆ కాళ్ళు ఉన్నచోటే ఉండాలి.

ఇప్పుడు 1841కి వెళ్దాం. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు ఆ ఏడాది ఒక ప్రతిపాదన చేశాడు. అప్పటిదాకా ఒక కార్ఖానాలో చేసిన బోల్టు ఇంకో కార్ఖానా నట్టుకి పట్టేది కాదు. ఎవరి మరలు వాళ్ళవే, ఎవరి కొలతలు వాళ్ళవే. ఈయన మర కోణం 55 డిగ్రీలు ఉండాలన్నాడు, ఏ లావు బోల్టుకి అంగుళంలో ఎన్ని మరలుండాలో పట్టిక ఇచ్చాడు. రైల్వే కంపెనీలు దాన్ని అందుకున్నాయి. మెకానికల్ చదివిన స్నేహితుల్ని అడిగితే బీఎస్‌డబ్ల్యూ మర అని ఇప్పటికీ చెప్తారు. దేశం మొత్తానికి మొట్టమొదటి మర ప్రమాణం అదే.

అదే విట్‌వర్త్‌ని 1850ల్లో బ్రిటిష్ ప్రభుత్వం పిలిచి రైఫిళ్ళ సంగతి చూడమంది. అప్పటి సైన్యం తుపాకీ 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ (మన 1857 తిరుగుబాటులో కొవ్వు పూసిన తూటాల గొడవ వచ్చింది దీని తూటాలతోనే). విట్‌వర్త్ గొట్టం లోపలి బోలుని గుండ్రంగా కాక ఆరు పలకలుగా చేసి, 0.451 అంగుళాల సన్నటి తూటా పెట్టాడు. 1857 పరీక్షల్లో అది ఎన్‌ఫీల్డ్‌ని చిత్తుగా ఓడించింది. కానీ ఖరీదెక్కువ, మసి త్వరగా పట్టేస్తుంది. సర్కారు వద్దంది. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యం కొద్దిపాటి సంఖ్యలో వాటిని కొని తన మేటి గురికాళ్ళకిచ్చింది. వాటిలో కొన్నిటికి ఎడమ పక్కన డేవిడ్‌సన్ టెలిస్కోపు తగిలించి ఉండేది. ఈ డేవిడ్‌సన్ ఎవరో కాదు, ఈస్టిండియా కంపెనీవారి బొంబాయి సైన్యంలో పనిచేసి వెళ్ళిన అధికారి.

1864 మే 9న స్పాట్సిల్వేనియా దగ్గర ఉత్తరాది జనరల్ జాన్ సెడ్జ్‌విక్, తూటాలకి తలలు వంచుకుంటున్న తన సైనికుల్ని చూసి, ఇంత దూరం నుంచి వాళ్ళు ఏనుగుని కూడా కొట్టలేరని ఎగతాళి చేశాడట. కాసేపటికే ఒక తూటా వచ్చి ఆయన ముఖానికి తగిలింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. అది విట్‌వర్త్ రైఫిల్ తూటానే అని చాలామంది నమ్మకం.

ఇందులో నన్ను ఆపిన విషయం ఆ ఏనుగు మాట కాదు. బోల్టులన్నిటికీ ఒకే మర ఉండాలని ప్రపంచానికి నేర్పిన మనిషి తుపాకీ చేశాడు. ఆ తుపాకీకి దుర్భిణి తగిలించే అతుకు మాత్రం ఎవరికివారు చేసుకున్నదే. దానికంటూ ఒక ప్రమాణం ఉండాలని అప్పుడు ఎవరికీ తోచలేదు. ఎందుకంటే అప్పటికి దుర్భిణి రైఫిల్ అంటే ఒక కంసాలి పనిలాంటిది. ఒక తుపాకీ, ఒక స్కోపు, ఆ రెంటినీ కలిపి కూర్చిన ఒక పనివాడు.

ఆ నిర్లక్ష్యం ఖరీదు మొదటి ప్రపంచయుద్ధంలో తెలిసింది. 1914 చివర కందకాల యుద్ధం మొదలయ్యేసరికి జర్మన్లకి స్కోపులున్న రైఫిళ్ళు చాలా ఉన్నాయి. వాళ్ళ దేశంలో వేట సంప్రదాయం పెద్దది, అద్దాల పరిశ్రమ పెద్దది. వేటగాళ్ళ దగ్గరున్న రైఫిళ్ళు కూడా సేకరించి యుద్ధభూమికి పంపారు. బ్రిటిష్‌వాళ్ళ దగ్గర చెప్పుకోదగ్గవి లేవు. హడావుడిగా తమ లీ-ఎన్‌ఫీల్డ్‌లకి స్కోపులు బిగించడం మొదలుపెట్టారు. అయితే ఆ రైఫిల్‌లో తూటాల్ని పైనుంచి క్లిప్పుతో దించాలి. నడినెత్తిన స్కోపు పెడితే క్లిప్పు దిగదు. అందుకని చాలావాటికి స్కోపుని ఎడమ పక్కకి జరిపి బిగించారు.

కాగితం మీద చూస్తే తెలివైన పరిష్కారమే. కందకంలో ఏమైందో చూడండి. సైనికుడు ఉక్కు పలకలో ఉన్న చిన్న కన్నంలోంచి తుపాకీ గొట్టం బయటికి పెడతాడు. గొట్టం కన్నంలో ఉంటుంది. పక్కకి జరిగిన స్కోపుకి మాత్రం ఎదురుగా ఉక్కు పలకే కనిపిస్తుంది! తూటాలు త్వరగా నింపుకునే సౌకర్యాన్ని కాపాడబోయి, స్కోపు ఎందుకు పెట్టారో ఆ పనికే ఎసరు తెచ్చారు. మన వృత్తిలో రోజూ చూసే తప్పే ఇది. పాత ఫీచరు చెడకూడదని కొత్తదాన్ని మూలకి అతికించడం.

హెస్కెత్-ప్రిచర్డ్ అనే వేటగాడు (హాంప్‌షైర్ తరఫున క్రికెట్ ఆడిన ఫాస్ట్ బౌలర్ కూడా) తన సొంత స్కోపు రైఫిళ్ళు పట్టుకుని ఫ్రాన్సు వెళ్ళాడు. అక్కడున్న రైఫిళ్ళని పరీక్షిస్తే చాలావాటి గురి కుదరలేదు. స్కోపులు కదిలిపోయున్నాయి. ఒక పటాలం కందకం వదిలి వెళ్తూ, గడ్డపారలూ ఇసుక బస్తాలతోపాటు ఆ రైఫిళ్ళని కూడా తర్వాత వచ్చినవాళ్ళకి అప్పగించి పోయేది. వాటిని ఎలా సరిచూసుకోవాలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఆయన 1916లో స్నైపింగ్ బడి పెట్టాడు. 1920లో ఈ అనుభవాలన్నీ పుస్తకంగా రాశాడు. ఆ బడిలో కాల్చడం ఎంత నేర్పారో, తుపాకీని జీరో చెయ్యడం, అంటే గీతలు చూపించినచోటే తూటా తగిలేలా సరిచెయ్యడం, దాన్ని కదలకుండా కాపాడుకోవడం కూడా అంత నేర్పారు. అవతలివాడి గురి కుదిరి మనవాడిది కుదరకపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. కందకాల్లో ఆ తేడాకి రోజూ మనుషులు చచ్చిపోయారు.

రెండో యుద్ధానికి అద్దాలు బాగుపడ్డాయి. అతుకు సమస్య మాత్రం ఎవరి పద్ధతిలో వాళ్ళు తేల్చుకున్నారు. సోవియట్‌వాళ్ళ మోసిన్ రైఫిల్‌కి బోల్టు పిడి తిన్నగా పక్కకి పొడుచుకుని ఉండేది. స్కోపు పెడితే ఆ పిడి పైకెత్తడానికి చోటు లేదు. అందుకని స్కోపు పెట్టేవాటికి ప్రత్యేకంగా పిడిని పొడుగు చేసి కిందికి వంచారు. క్లిప్పు పట్టదు కాబట్టి తూటాలు ఒక్కోటే నింపుకోవాలి. అంటే స్కోపు కోసం తుపాకీనే మార్చారు.

బ్రిటిష్‌వాళ్ళు ఈసారి లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్‌కి పని అప్పగించారు. మహారాజులకీ జమీందార్లకీ వేట తుపాకులు చేసిపెట్టే కంపెనీ అది. బాగా గురి కుదిరిన నంబర్ 4 రైఫిళ్ళని ఏరి పంపితే, వాళ్ళు ఒక్కోదానికి చేత్తో బ్రాకెట్టు అమర్చి స్కోపు పెట్టేవారు. ఆ నంబర్ 32 స్కోపు నిజానికి బ్రెన్ మెషిన్‌గన్ కోసం తయారైంది. ఇలా 20 వేలకి పైగా రైఫిళ్ళు తయారయ్యాయి. స్కోపు నంబరు రైఫిల్ పిడి చెక్క మీద కొట్టేవారు, రైఫిల్ నంబరు బ్రాకెట్టు మీద కొట్టేవారు. రెండూ జంట. ఈ స్కోపు తీసి ఆ రైఫిల్‌కి పెడితే కుదరదు. మొగుడూ పెళ్ళాల్లాగా ఒకే చెక్కపెట్టెలో కాపురం. నాణ్యతలో ఆ రోజుల్లో దానికి సాటి తక్కువ. కానీ స్కోపు పగిలితే రైఫిల్ కూడా వర్క్‌షాపుకి పోవాల్సిందే.

ఇక్కడ అవతలి పక్షం వాదన కూడా వినాలి. 1939-40 చలికాలంలో సోవియట్ సైన్యం ఫిన్‌లాండ్ మీదకి వచ్చినప్పుడు సిమో హాయ్‌హా అనే రైతు స్కోపు లేకుండా, ఉత్త ఇనప సైట్లతో కాల్చాడు. అతను పడగొట్టినవాళ్ళు 500 పైచిలుకని చెప్తారు. స్కోపు అతనికి దొరక్క కాదు, వద్దనుకున్నాడు. కారణాలు మూడు. స్కోపులోంచి చూడాలంటే తల కాస్త పైకెత్తాలి, శత్రువుకి కనపడిపోతాం. గడ్డకట్టే చలిలో అద్దం మంచు పట్టి మసకబారుతుంది. ఎండ పడితే మెరిసి ఉన్నచోటు చెప్పేస్తుంది. 1940 మార్చి 6న దవడకి తూటా తగిలినా బతికి, 2002 దాకా ఉన్నాడు. అందుకని 'కొత్తది పెట్టుకున్నవాడే గొప్ప' అనేవాళ్ళు ఒకసారి ఈయన్ని తల్చుకోవాలి. అయితే ఆయన లెక్క నాకు ఇంకోలా కూడా కనిపిస్తుంది. ఆయన ఏరుకున్నది అతుకు లేని తుపాకీని. కదిలిపోయే భాగం లేదు కాబట్టి దానిమీద నమ్మకం ఉంది.

ఇనప సైట్లకి తీరని కష్టం ఒకటుంది: చీకటి. మన దేశంలో నరమాంసానికి మరిగిన చిరుతల్ని వేటాడిన జిమ్ కార్బెట్ 1926లో రుద్రప్రయాగ చిరుతని చంపింది రైఫిల్‌కి టార్చిలైటు బిగించుకునే. ఇష్టమైన తుపాకీకి అవసరం కొద్దీ ఏదో ఒకటి తగిలించుకోవడం అనేది ఆటలవాళ్ళు కనిపెట్టింది కాదు.

చీకటి సమస్యకి ఇంకో జవాబు అప్పటికే కాగితం మీద ఉంది. డబ్లిన్‌లో హోవార్డ్ గ్రబ్ అనే టెలిస్కోపుల తయారీదారు 1900లో ఒక కొత్తరకం సైటుకి పేటెంటు తీసుకున్నాడు. ఒక అద్దంపలక మీద వెలుగు గుర్తుని ప్రతిఫలింపజేస్తే, ఆ గుర్తు అనంత దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. కన్ను కాస్త అటూఇటూ కదిలినా గుర్తు లక్ష్యం మీదే ఉంటుంది. రెండు కళ్ళూ తెరిచి చూడొచ్చు. ఈనాటి ఎర్ర చుక్క సైట్ల మూలసూత్రం ఇదే. అన్నట్టు ఈ గ్రబ్ పేరు హైదరాబాదు వాళ్ళకి కొత్తది కాకూడదు. నవాబ్ జఫర్ జంగ్ కొని తెప్పించిన 15 అంగుళాల టెలిస్కోపు గ్రబ్ కంపెనీదే. 1901లో పుట్టిన నిజామియా నక్షత్రశాలకి మూలం అదే. బేగంపేటలో ఆ ఆవరణ ఇంకా ఆ పేరుతోనే ఉంది.

గ్రబ్ ఆలోచన రైఫిల్ మీదకి రావడానికి మాత్రం ముప్పాతిక శతాబ్దం పట్టింది. 1918లో జర్మన్ యుద్ధవిమానాల్లోకి, రెండో యుద్ధానికి దాదాపు అన్ని దేశాల విమానాల్లోకి వచ్చేసింది. విమానంలో కరెంటుంది, బల్బు పెట్టడానికి చోటుంది. రైఫిల్ మీద ఏముంది? గోరంత దీపం కావాలి, చిన్న బ్యాటరీతో గంటల తరబడి వెలగాలి. 1962లో కంటికి కనిపించే ఎర్ర ఎల్‌ఈడీ వచ్చాక గానీ దారి దొరకలేదు. 1975లో స్వీడన్‌లో ఎయిమ్‌పాయింట్ కంపెనీ మొదటి ఎలక్ట్రానిక్ ఎర్ర చుక్క సైటు అమ్మకానికి పెట్టింది.

ఈలోపు 1970లో జరిగింది వినండి. వియత్నాం యుద్ధంలో సోన్ టే అనే చోట బందీలుగా ఉన్నారనుకున్న తమవాళ్ళని విడిపించడానికి అమెరికా ఒక రహస్య దాడికి సిద్ధమైంది. రాత్రిపూట పని. సాధనలో చీకట్లో గురి కుదరటం లేదు. సైన్యం గోదాముల్లో పనికొచ్చేది లేకపోతే, బజార్లో మామూలు జనానికి అమ్మే సింగిల్‌పాయింట్ అనే సైట్లు తెప్పించుకున్నారు. మరి తుపాకీకి బిగించడమెలా? వాళ్ళ రైఫిల్ మీద చేతిపిడిలాంటిది ఉంటుంది, స్కోపుకి తగిన ఏర్పాటు లేదు. టేపు చుట్టి కట్టారు! ప్రపంచంలోకెల్లా డబ్బున్న సైన్యం, అంత ముఖ్యమైన పని, అతుకు దగ్గరికొచ్చేసరికి టేపు. (నవంబరు 21న దాడైతే జరిగింది గానీ బందీల్ని అంతకుముందే వేరేచోటికి మార్చేశారు, ఎవరూ దొరకలేదు.)

ఇక అసలు మలుపు. అమెరికాలో విలియం వీవర్ 1930లో మొదలుపెట్టిన కంపెనీ మామూలు వేటగాళ్ళకి అందే ధరలో స్కోపులు చేసింది, వాటిని తగిలించుకోవడానికి అడ్డగాళ్ళున్న ఒక చిన్న పట్టా కూడా చేసింది. అది చాలా చలామణీ అయింది. కానీ గాడికీ గాడికీ మధ్య దూరం ఇంత అని ఖాయంగా లేదు. ఒకచోట పట్టింది ఇంకోచోట పట్టకపోవచ్చు. న్యూజెర్సీలోని పికాటినీ ఆయుధశాలవాళ్ళు దాన్ని తీసుకుని కొలతలన్నీ బిగించేశారు. గాడి వెడల్పు 5.23 మిల్లీమీటర్లు, ఒక గాడి నుంచి ఇంకో గాడికి 10.01 మిల్లీమీటర్లు, లోతు 3 మిల్లీమీటర్లు. 1995 ఫిబ్రవరి 3న ఇది మిల్-ఎస్‌టీడీ-1913 పేరుతో అమెరికా సైనిక ప్రమాణం అయింది. వీవర్ గాడి 4.57 మిల్లీమీటర్లే కాబట్టి పాత వీవర్ సామాను చాలావరకు కొత్త పట్టా మీద కూర్చుంటుంది. దీని సామాను పాతదాని మీద కూర్చోకపోవచ్చు. పాతవాళ్ళని వదలకుండా ముందుకెళ్ళడమంటే ఇదీ.

చూడ్డానికి అదొక పళ్ళున్న లోహపు బద్ద. అందులో అద్దం లేదు, కరెంటు లేదు. కానీ ఆ గాళ్ళు రెండు పనులు చేస్తాయి. తుపాకీ తన్నినప్పుడు స్కోపు ముందుకీ వెనక్కీ జారకుండా అడ్డం పడతాయి. తీసిన స్కోపుని మళ్ళీ ఏ గాడిలో పెట్టాలో చెప్తాయి. అదే సమయానికి ఎం16 కుటుంబం రైఫిళ్ళకి ఆ చేతిపిడి తీసేసి పైన చదునుగా ఈ పట్టా పెట్టారు. 1997లో అమెరికా సైన్యం ఎయిమ్‌పాయింట్‌ని ఎం68 పేరుతో తీసుకుంది. ఆ తర్వాత ఇంక చెప్పేదేముంది, వరద. స్కోపుల కంపెనీకి తుపాకీ ఏదో తెలియక్కర్లేదు, తుపాకీ కంపెనీకి స్కోపు ఏదో తెలియక్కర్లేదు. ఇద్దరికీ ఆ పట్టా కొలతలు తెలిస్తే చాలు. 2009లో నాటో ఆ కొలతల్ని మెట్రిక్‌లోకి మార్చి మెరుగుపరిచి, స్టానాగ్ 4694 అని తన ప్రమాణం చేసుకుంది. పక్క ఏటవాలుల మీద కాకుండా పైతలం మీద ఆనించి బిగిస్తే, తీసిపెట్టినప్పుడు గురి తక్కువ మారుతుందని అందులో తేలింది. విట్‌వర్త్ మర నుంచి పికాటినీ పట్టా దాకా లెక్కేస్తే 154 ఏళ్ళు.

రష్యా దారి వేరు. ఏకే రైఫిల్ పైమూత పల్చటి రేకు. శుభ్రం చేసినప్పుడల్లా ఊడదీసేది. దానిమీద స్కోపు పెడితే గురి నిలవదు. అందుకని తుపాకీ ఎడమ పక్క గట్టి లోహం మీద ఒక పట్టా పెట్టి, అక్కణ్ణుంచి చెయ్యిలాంటి మౌంటుతో స్కోపుని పైకి తెచ్చారు. దానికీ ఒక ప్రమాణం ఉంది, అది వాళ్ళ కూటమికే పరిమితం. చివరికి వాళ్ళూ దారికొచ్చారు. మనవాళ్ళు 2021 డిసెంబరు ఒప్పందంతో ఆరు లక్షల పైచిలుకు ఏకే-203లు అమేఠీ దగ్గర కోర్వాలో తయారుచేస్తున్నారు కదా, వాటి పైమూత మీద ఉన్నది పికాటినీ పట్టానే. 2019లో అమెరికా నుంచి కొన్న 72,400 సిగ్ 716ల మీద ఉన్నదీ అదే. 1990ల చివర్లో వచ్చిన మన ఇన్సాస్ మీద మొదట్లో ఆ ఏర్పాటు లేదు.

మనకి అద్దాలు చెయ్యడం రాక కాదు సుమా. 1926లో మచిలీపట్నంలో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ పుట్టింది. శాస్త్ర పరికరాలు చేసేది. 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ దాన్ని తీసుకుంది. సైన్యానికి రాత్రిపూట చూసే పరికరాలు, రైఫిళ్ళ మీద పెట్టే నైట్ సైట్లు అక్కడ తయారయ్యాయి. బందరు అంటే లడ్డూ, కలంకారీయే గుర్తొస్తాయి మనకి. సరిహద్దులో ఒక జవాను చీకట్లో చూస్తున్న అద్దం కూడా బందరుదే కావచ్చని ఎంతమందికి తెలుసు?

అయితే పట్టా వచ్చింది కదా అని అన్ని కష్టాలూ తీరలేదు. చోటుంది కదా అని పైనా కిందా పక్కలా టార్చీలు, లేజర్లు, పిడులు తగిలించి తుపాకీని క్రిస్మస్ చెట్టు చేసుకున్నవాళ్ళున్నారు. బరువు మోసేది ఆ సైనికుడే. ఇంకో సంగతి, పట్టా అతుకుని సులువు చేస్తుందే గానీ గురిని కుదర్చదు. ఏ సైటు మార్చినా మళ్ళీ కాల్చి చూసుకుని జీరో చేసుకోవాల్సిందే. ఇంటర్‌ఫేసు సరిపోయింది కదా అని టెస్టింగు మానేస్తే ఏమవుతుందో మనకి తెలియంది కాదు :)

ఇది ఎంత నిజమో 2008 ఆగస్టు 11న బీజింగులో తేలింది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో టెలిస్కోపులు నిషిద్ధం. చిన్న కన్నంలోంచి చూసే సైట్లే. పదికి పది రావాలంటే తగలాల్సిన చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. ఫైనల్ ముందు సరిచూసుకునేందుకు అభినవ్ బింద్రా కాల్చిన మొదటి గుండు పది కాదు కదా, నాలుగు దగ్గర పడింది. సైటు కదిలిపోయి ఉంది. ఎవరైనా కదిపారా, దానంతటదే కదిలిందా అన్నది తేలలేదు. ఉన్న కొద్ది నిమిషాల్లో క్లిక్కు తర్వాత క్లిక్కు తిప్పుతూ మళ్ళీ గురి కుదుర్చుకున్నాడు. ఆఖరి గుండు 10.8. మొత్తం 700.5, వ్యక్తిగత పోటీల్లో మన దేశానికి మొదటి ఒలింపిక్ స్వర్ణం. ఆ సరిచూసుకునే అవకాశం లేకపోయుంటే? లేదా ఆయనకి తన సైటు ఏ క్లిక్కుకి ఎంత కదులుతుందో వేళ్ళకి తెలియకపోయుంటే? నాలుగేళ్ళ తర్వాత లండన్‌లో అదే పోటీలో మన హైదరాబాదు కుర్రాడు గగన్ నారంగ్ 701.1తో కాంస్యం తెచ్చాడు. కొడుక్కి రైఫిల్ కొనడానికి ఆయన తల్లిదండ్రులు ఇంటి స్థలం అమ్మేశారని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. అంత ప్రేమగా కొన్న తుపాకీకైనా, పోటీ ముందు సైటు సరిచూసుకోవడం తప్పదు.

ఇంతకీ నా అభిప్రాయం ఇది. 1915లో కందకాల్లో నిలబడ్డవాళ్ళని దెబ్బతీసింది చేతకానితనం కాదు, నాసిరకం అద్దాలు కూడా కాదు. ఆ రెంటినీ కలిపేచోటుని ఎవరూ తమ పనిగా అనుకోకపోవడం. తుపాకీ చేసినవాడు అది అద్దాలవాడి పని అనుకున్నాడు, అద్దాలవాడు తుపాకీవాడి పని అనుకున్నాడు. మధ్యలో ఉన్నవాడు సైనికుడు. ఎనభై ఏళ్ళకి ఎవరో కూర్చుని ఆ నడిమి చోటుకి కొలతలు రాశారు. స్కోపులకి పేర్లున్నాయి, తుపాకులకి పేర్లున్నాయి, కథలున్నాయి, సినిమాలున్నాయి. ఆ పళ్ళ బద్దకి ఉన్నది ఒక ఆయుధశాల పేరూ, ఒక ప్రమాణం నంబరూ.

ఈసారి గణతంత్ర దినోత్సవం పరేడ్ టీవీలో చూసేటప్పుడు జవాన్ల చేతుల్లో రైఫిళ్ళ నెత్తి వైపు ఒకసారి చూడండి. దేనిమీద ఆ గాళ్ళున్నాయో, దేనిమీద లేవో చూస్తే అది ఏ కాలం నాటి తుపాకో ఇట్టే చెప్పేయొచ్చు.